తుక్కు ప్లాస్టిక్‌తో ప్యాలెట్లు: మిషన్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ప్లాస్టిక్ తుక్కు కొని, ఏరి, కడిగి, గ్రైండింగ్ చేసి హైదరాబాద్‌లోని దానా (ప్లాస్టిక్ గుళికలు) యూనిట్లకు పంపుతాం. రోజుకు 2 టన్నుల దాకా సరుకు తయారవుతుంది. ఎక్కువ భాగం హెచ్‌డి (గట్టి పాలిథిన్), కొంత పీపీ (పాలీప్రొపిలీన్). మా చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు ఉన్నాయి, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు ఉన్నాయి. గ్రైండింగ్ అమ్మే బదులు ప్యాలెట్లు (సరుకు పేర్చడానికి కింద వేసే పలకలు) మేమే చేసి అమ్మాలని ఉంది. ఏ ప్లాస్టిక్ అయినా కలిపి కొట్టేయొచ్చని ఒక మిషన్ ఏజెంటు చెబుతున్నాడు. ఎలాంటి మిషన్ కొనాలి? ఏ తుక్కు పనికొస్తుంది? రేటు కిలో లెక్కన చెప్పాలా, ముక్క లెక్కన చెప్పాలా?

సమాధానం: ఏజెంటు చెప్పింది సగమే నిజం. ఏ ప్లాస్టిక్‌నైనా కరిగించి ప్యాలెట్ ఆకారంలోకి నొక్కవచ్చు. ఆ ఆకారం మీద టన్ను బరువు పెడితే ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మాత్రం లోపల ఏం కలిపారన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే మిషన్ గురించి తర్వాత చెబుతాం. మీ ప్యాలెట్ ఎక్కడ కూర్చుంటుంది, దాని మీద ఏ బరువు పడుతుంది, దాన్ని ఎవరు ఎలా ఎత్తుతారు అన్నవి ముందు తేలాలి. అవి తేలితే సరుకు, ప్యాలెట్ బరువు, మిషన్ వాటంతటవే తేలుతాయి.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. 1200 × 1000 మి.మీ. సైజులో 14 కిలోల ప్యాలెట్ అనుకుందాం. పెద్ద ఇంజెక్షన్ మిషన్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తిడితో తోసేది) రెండు నిమిషాలకు ఒకటి తీస్తుంది. రోజుకు 20 గంటలు నడిపితే 600 ప్యాలెట్లు, అంటే 8.4 టన్నుల సరుకు. మీ 2 టన్నులతో అయ్యేవి 140. అంటే ఆ మిషన్ ఐదు గంటలు కూడా నడవకుండా ఆగిపోతుంది. బ్యాంకు వాయిదా మాత్రం 24 గంటలూ నడుస్తుంది. కాబట్టి మొదటి ఏడాది సొంత మిషన్ ఆలోచన పక్కన పెట్టండి. ప్యాలెట్ మౌల్డ్ (అచ్చు), పెద్ద మిషన్ రెండూ ఉన్న వాళ్ల దగ్గర జాబ్ వర్క్‌కు చేయించుకోండి. మీ సరుకు, మీ మిశ్రమం, మీ ముద్ర ఉంటాయి. మిషన్ వాళ్లది. హైదరాబాద్, చెన్నై చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో వెతికితే ఇలాంటి వాళ్లు దొరుకుతారు.

ఏ ప్యాలెట్, ఎవరికి

ప్యాలెట్ బరువును మూడు రకాలుగా చెబుతారు. నేల మీద కదలకుండా ఉన్నప్పుడు మోసేది స్టాటిక్. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తి తిప్పుతున్నప్పుడు మోసేది డైనమిక్. రాక్‌లో రెండు దూలాల మీద, మధ్యలో ఆసరా లేకుండా నిలబడి మోసేది ర్యాకింగ్. ఒకే ప్యాలెట్‌కు ఈ మూడు అంకెలూ 4000, 1500, 1000 కిలోల్లా బాగా తేడాగా ఉంటాయి. కొనేవాడు ‘ఎంత మోస్తుంది’ అని ఒక్క ముక్కలో అడుగుతాడు. మూడు అంకెలూ విడివిడిగా కాగితం మీద రాసి ఇవ్వకపోతే అతను పెద్ద అంకెనే గుర్తుపెట్టుకుంటాడు, తగాదా అక్కడే మొదలవుతుంది.

మీరు మొదలుపెట్టాల్సింది గోడౌన్ నేల ప్యాలెట్లతో. రైస్ మిల్లులోనూ మిర్చి స్టోరేజీలోనూ బస్తాలకు నేల చెమ్మ తగలకుండా చెక్క పలకలు పరిచి, వాటి మీద నెట్టు కడతారు. చెక్కకు చెదలు పడుతుంది, మేకులు లేచి గోతాలు చిరుగుతాయి, తడిస్తే బూజు పడుతుంది. ఆ స్థానంలో ప్లాస్టిక్ ప్యాలెట్ పెడితే బరువంతా పైనుంచి కాళ్ల మీదుగా నేరుగా నేలకు దిగుతుంది. వంగే పని తక్కువ, నొక్కుడు ఎక్కువ. తిరిగి వాడిన ప్లాస్టిక్ బాగా తట్టుకునేది ఈ నొక్కుడునే.

ఎంత బలం కావాలో బస్తాలు లెక్కపెట్టి తేల్చండి. 50 కిలోల బియ్యం బస్తాలు వరుసకు మూడు, 20 వరుసల ఎత్తు అంటే 60 బస్తాలు, 3000 కిలోలు. దానికి ఒకటిన్నర రెట్లు జాగ్రత్త కలిపితే 4500 కిలోల స్టాటిక్ కావాలి. మిర్చి టిక్కీలైతే బస్తా బరువు తక్కువ, ఎత్తు మాత్రం గది పైకప్పును బట్టి పెరుగుతుంది. కాబట్టి స్టోరేజీకి వెళ్లి నెట్టు ఎత్తు మీరే కొలుచుకోండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బరువంతా రెండు మూడు కాళ్ల మీదే పడుతుంది, అక్కడే పగులుతుంది. నేల చూడకుండా హామీ ఇవ్వకండి.

రెండో మెట్టు హ్యాండ్ ట్రాలీతో తిప్పే ప్యాలెట్. ఇక్కడ కొలతలు తప్పితే సరుకంతా వెనక్కి వస్తుంది. కిందికి దించిన ట్రాలీ ఫోర్కుల ఎత్తు సాధారణంగా 85 మి.మీ. కాబట్టి దూరే సందు కనీసం 95 నుంచి 100 మి.మీ. ఉండాలి. రెండు ఫోర్కుల మొత్తం వెడల్పు 540–550 మి.మీ. లేదా 685 మి.మీ. మధ్య కాళ్లు ఆ దారికి అడ్డు రాకూడదు. కింద కూడా పైలాగే పూర్తి పలక ఉండే తిరగేసే రకం ప్యాలెట్ హ్యాండ్ ట్రాలీకి పనికిరాదు, దాని చిన్న చక్రాలు నేలకు ఆనే చోటే ఉండదు.

రాక్‌లకు మాత్రం మీ ప్యాలెట్ పనికొస్తుందని మాటవరసకు కూడా అనకండి. రాక్‌లో బరువు కింద ఉన్న ప్లాస్టిక్ రోజురోజుకూ మెల్లగా కుంగుతూనే ఉంటుంది. తీసిన రోజు బాగానే ఉన్నది రెండు వారాలకు దూలం మీంచి జారవచ్చు, కింద మనుషులు తిరుగుతుంటారు. వేడి తోడైతే మరీ ప్రమాదం. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం వేడికి హెచ్‌డి బిరుసుతనం మామూలు గది వేడిలో ఉన్నదాంట్లో దాదాపు సగానికి పడిపోతుంది. రాక్ ప్యాలెట్లకు లోపల ఇనుప గొట్టాలు దూర్చి, లేబొరేటరీలో ఐఎస్‌ఓ 8611 పద్ధతిలో పరీక్ష చేయించాలి. అది మీ మూడో ఏడాది పని.

రొయ్యల ప్లాంట్ల సంగతి కూడా చెప్పాలి. నిల్వ గదుల్లో మైనస్ 18 డిగ్రీలు, ఇంకా తక్కువ కూడా ఉంటుంది. ఆ చలిలో మామూలు పీపీ గాజులా పగులుతుంది. అక్కడికి హెచ్‌డి మాత్రమే పంపాలి. పీపీ తప్పదంటే దెబ్బ తట్టుకునే కోపాలిమర్ రకం కావాలి. పైగా సరుకు నేరుగా తగిలే చోట కొత్త ప్లాస్టిక్, లేత రంగు అడుగుతారు. తిరిగి వాడిన ప్లాస్టిక్‌ను కొత్తదని చెప్పి అక్కడ అమ్మవద్దు. ఖాళీ అట్టపెట్టెల గోడౌన్, మేత గోడౌన్ లాంటి చోట్ల మీ నల్ల ప్యాలెట్ హాయిగా పనిచేస్తుంది, అక్కడ అడగండి. మిర్చి స్టోరేజీల్లో చలి మైనస్‌కు పోదు, కాబట్టి మిశ్రమం కుదిరితే ఇబ్బంది లేదు.

ఎగుమతి ప్యాలెట్లలో గిరాకీ ఉంది. చెక్క ప్యాలెట్ దేశం దాటాలంటే ఐఎస్‌పీఎం 15 నిబంధన ప్రకారం చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించి, లేదా మందు పొగ పెట్టి, ముద్ర వేయించాలి. ప్లాస్టిక్‌కు ఆ బాధ లేదు. తిరిగి రాని ప్రయాణం కాబట్టి 5–7 కిలోల తేలిక ప్యాలెట్ అడుగుతారు. 1100 × 1100 మి.మీ. సైజైతే 20 అడుగుల కంటెయినర్‌లో నేల మీద పది పడతాయి. చెక్క మీద చల్లిన మందుల వల్ల వచ్చే ఇబ్బంది మందుల కంపెనీలకు బాగా తెలుసు. 2010లో అమెరికాలో టైలెనాల్ మాత్రలకు ముక్కవాసన వస్తోందని వెనక్కి రప్పించినప్పుడు కారణం చెక్క ప్యాలెట్లకు వాడిన రసాయనం దగ్గరే తేలింది. అందుకే ఫార్మా వాళ్లు ప్లాస్టిక్ వైపు మొగ్గుతారు, కానీ వాసన విషయంలో మీ ప్యాలెట్‌నూ అంతే గట్టిగా నిలదీస్తారు.

తుక్కు ఏరడంలోనే అంతా ఉంది

ప్యాలెట్‌కు వెన్నెముక ఇంజెక్షన్ గ్రేడ్ హెచ్‌డి. అంటే పాల క్రేట్లు, కూల్‌డ్రింక్ క్రేట్లు, కూరగాయల క్రేట్లు. వీటిని విడిగా ఏరి, విడిగా గ్రైండ్ చేసి, విడిగా నిల్వ పెట్టండి. డ్రమ్ములు, డబ్బాలు, నూనె క్యాన్లు కూడా హెచ్‌డియే అయినా బ్లో గ్రేడ్, అంటే గాలి ఊది చేసే రకం. తేడా ఎమ్‌ఎఫ్‌ఐలో ఉంటుంది, అంటే కరిగినప్పుడు ఎంత సులువుగా పారుతుందన్న కొలతలో. 190 డిగ్రీల దగ్గర, 2.16 కిలోల బరువు కింద పది నిమిషాల్లో ఇంజెక్షన్ రకం 4 నుంచి 10 గ్రాములు పారితే, బ్లో రకం అర గ్రాము కూడా పారదు. బ్లో గ్రేడ్ గట్టిది, దెబ్బకు ఓర్చుతుంది, కానీ మౌల్డ్ మూలలదాకా చేరదు. ఎక్కువ కలిపితే ప్యాలెట్ మూలలు నిండకుండా బయటికి వస్తాయి, దాన్నే షార్ట్ షాట్ అంటారు. అసలు కలపకపోతే పెళుసుగా ఉంటుంది. క్రేట్ గ్రైండింగ్ 70 శాతం, బ్లో గ్రేడ్ 20 శాతం, మిగతాది పీపీ, రంగు గుళికలైన మాస్టర్‌బ్యాచ్‌లతో ట్రయల్ మొదలుపెట్టి, మూలలు నిండే తీరు, పడేసినప్పుడు పగిలే తీరు చూసి సర్దుకోవచ్చు.

పీపీ విషయంలో గట్టిగా ఉండండి. హెచ్‌డి, పీపీ రెండూ నీటి మీద తేలతాయి కాబట్టి తొట్టిలో విడిపోవు. కరిగాక కూడా ఒకదానిలో ఒకటి కలవవు, పక్కపక్కన ఉంటాయంతే. హెచ్‌డిలో పీపీ 5 శాతం దాటకుండా చూస్తే పెద్దగా తెలియదు. 20, 30 శాతానికి పోతే కాళ్ల దగ్గర, సన్నటి పక్కటెముకల దగ్గర పొరలుపొరలుగా ఊడుతుంది. రెండిటినీ అతికించే రసాయనాలు ఉన్నాయి, కానీ వాటి ఖరీదు మీ లాభాన్ని మింగేస్తుంది. మీ దగ్గర పీపీ బాగా వస్తుంటే దాన్ని విడిగా పోగుచేసి, పూర్తి పీపీ ప్యాలెట్లుగా వేరే బ్యాచ్ తీయండి. పీపీ వేడికి బాగా ఆగుతుంది, కాబట్టి రేకుల షెడ్డు గోడౌన్లకు అవి మేలు.

మీ ప్రాంతంలో దొరికే మరికొన్నిటి గురించి. డ్రిప్ పైపులు ఎల్‌ఎల్‌డి, మెత్తటి రకం. 10 శాతం లోపు కలిపితే దెబ్బలకు ఓర్పు వస్తుంది, ఎక్కువైతే ప్యాలెట్ కుంగుతుంది. మల్చింగ్ షీట్ మట్టితోనే సగం బరువు తూగుతుంది, కడిగే ఖర్చు గిట్టదు. సిమెంటు సంచుల దుమ్ము మిషన్ లోపల సరుకును తోసే స్క్రూను అరగదీస్తుంది. చేపల వలల్లో చాలావరకు నైలాన్ ఉంటుంది. అది 220 డిగ్రీల దాకా కరగదు కాబట్టి ఉండలై నాజిల్‌ను మూసేస్తుంది. నైలాన్ నీటిలో మునుగుతుంది, కాలిస్తే జుట్టు కాలిన వాసన వస్తుంది.

పురుగుమందు డబ్బాలు మాత్రం ఏ ధరకూ కొనకండి. గుంటూరు జిల్లాలో అవి కుప్పలుగా వస్తాయి, చవగ్గా వస్తాయి, చూడటానికి మంచి హెచ్‌డి. ఎంత కడిగినా ప్లాస్టిక్‌లోకి ఇంకిన మందు పూర్తిగా పోదు. ఆ ప్యాలెట్ మీద రేపు బియ్యం బస్తాలు, మిర్చి టిక్కీలు కూర్చుంటాయి. మిర్చిలో మందు అవశేషాలు కనబడి విదేశాల నుంచి కంటెయినర్ వెనక్కి వస్తే రైతు, వ్యాపారి ఎంత నష్టపోతారో మీకు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో కొనుగోలు కుర్రాడికి కూడా మినహాయింపు ఇవ్వకండి. పాత టీవీలు, కంప్యూటర్ల డొప్పల ప్లాస్టిక్ కూడా వద్దు. మంట ఆర్పడానికి వాటిలో కలిపే బ్రోమిన్ రసాయనాలు ఆహార గోడౌన్‌కు చేరకూడదు.

పీవీసీ రెండో శత్రువు. పైపు ముక్కలు, వైరు తొడుగులు, రెగ్జిన్ తుంపులు. హెచ్‌డి కరిగే వేడిలో పీవీసీ కాలి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి స్క్రూను, మౌల్డ్‌ను తుప్పు పట్టిస్తుంది, జాబ్ వర్క్ చేసేవాడు మీ సరుకును గేటు దగ్గరే తిప్పి పంపుతాడు. పీవీసీ నీటికంటే బరువు, నీటి తొట్టిలో అడుగుకు పోతుంది. అనుమానం వస్తే రాగి తీగ ఎర్రగా కాల్చి ఆ ముక్కకు అంటించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే పీవీసీ. ఈ పరీక్ష ఆరుబయటే చేయండి, పొగ పీల్చకండి.

ఫిల్లర్ గురించి చాలామంది పట్టించుకోరు. ప్లాస్టిక్ కుర్చీలు, నాసిరకం బకెట్లు, గోతాల్లో సుద్ద పొడి కలుపుతారు. హెచ్‌డిలో బరువు ప్రకారం 8 శాతం సుద్ద దాటితే ముక్క నీటిలో మునుగుతుంది. అంతకంటే తక్కువ ఉంటే తేలుతుంది. కాబట్టి తేలినంత మాత్రాన ఫిల్లర్ లేదని కాదు. పది గ్రాముల గ్రైండింగ్‌ను మూసలో పోసి 600 డిగ్రీల కొలిమిలో పూర్తిగా కాల్చి, మిగిలిన బూడిద తూచండి. 0.2 గ్రాములు మిగిలితే 2 శాతం. 3 శాతం దాటిన లాట్‌ను ప్యాలెట్‌కు వాడకండి. ఫిల్లర్ ఉన్న ప్యాలెట్ త్రాసు మీద బరువుగా తూగుతుంది, హమాలీ లారీ మీంచి విసిరితే మూల విరుగుతుంది.

కడగడం, ఆరబెట్టడం, కలపడం

మీరిప్పుడు కడుగుతున్న తీరు దానా యూనిట్‌కు సరిపోతుంది, ఎందుకంటే వాళ్లు మళ్లీ జాలీ ద్వారా వడగడతారు. ప్యాలెట్ గోడ మందంగా ఉంటుంది కాబట్టి దానా చేయకుండా కడిగిన గ్రైండింగ్‌ను నేరుగా మిషన్‌లో పోయవచ్చు. కిలోకు కొన్ని రూపాయలు మిగిలేది అక్కడే. కానీ వడకట్టేవాడు మధ్యలో ఉండడు కాబట్టి శుభ్రత బాధ్యత మొత్తం మీదవుతుంది. గ్రైండర్ జాలీ 10–12 మి.మీ. పెట్టండి. గ్రైండర్‌కు ముందు ఒక అయస్కాంతం, తర్వాత ఒకటి ఉండాలి. క్రేట్లకు మేకులు, డబ్బాలకు హ్యాండిల్ కమ్మీలు మామూలే, ఒక్క బోల్టు చాలు మౌల్డ్ గేటు దెబ్బతినడానికి. నూనె డబ్బాలకు వేడి నీటిలో 1–2 శాతం కాస్టిక్ కలిపి కడగాలి, తర్వాత మంచి నీటితో కాస్టిక్ పోయేదాకా జాడించాలి. కాస్టిక్ మిగిలితే ప్యాలెట్ మీద తెల్లటి పూత తేలుతుంది, చేతులు మండుతాయి.

తేమ అర శాతం లోపుకు రావాలి. ఎండలో ఆరబోస్తే పైపొర ఆరుతుంది, బస్తా అడుగున తడి ఉంటుంది, దుమ్ము మళ్లీ పడుతుంది. నీరు తీసే గిర్రల యంత్రం, తర్వాత వేడిగాలి గొట్టం కావాలి. తడి సరుకు పోస్తే ప్యాలెట్ పైన వెండి చారలు కనిపిస్తాయి, అది అందం సంగతి. అసలు నష్టం లోపల, కాళ్లలో గుల్లలు ఏర్పడతాయి. బయటికి కనబడవు, నెట్టు కట్టాక కాలు నలిగిపోతుంది.

నల్ల రంగు కోసం కార్బన్ బ్లాక్ మాస్టర్‌బ్యాచ్ వేయండి. రంగురంగుల తుక్కు ఒకే రంగుకు రావడం ఒక లాభం, అంతకంటే పెద్ద లాభం ఎండ నుంచి రక్షణ. కార్బన్ బ్లాక్ మొత్తం సరుకులో 2 శాతం చేరితే ఎండకు పెళుసుబారడం బాగా తగ్గుతుంది. 40 శాతం కార్బన్ ఉన్న మాస్టర్‌బ్యాచ్ అయితే 100 కిలోలకు 5 కిలోలు. ‘నల్లగా ఉంది చాలు’ అని 1 కిలో వేస్తే ఎండలో ఉన్న ప్యాలెట్ తొందరగా పొడిబారుతుంది.

సరుకంతా కనీసం ఒక టన్ను పట్టే మిక్సర్ తొట్టిలో కలిపి, ఒక లాట్ నెంబరు రాసి, అందులోంచి రెండు కిలోల నమూనా దాచిపెట్టండి. ఎమ్‌ఎఫ్‌ఐ, బూడిద పరీక్షలు హైదరాబాద్ చర్లపల్లిలోనూ విజయవాడ దగ్గరా ఉన్న సీపెట్ (ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ) కేంద్రాల్లో చేయించుకోవచ్చు. ట్రయల్ దశలో ప్రతి లాట్‌కూ చేయించండి.

మిషన్లు, వాటి తేడాలు

జాబ్ వర్క్‌కు వెళ్లినా మిషన్ లెక్క మీకు తెలిసి ఉండాలి. 1200 × 1000 అంటే 12,000 చదరపు సెంటీమీటర్లు. జాలీలా ఖాళీలున్న పైభాగం అయితే ప్లాస్టిక్ ఉండేది అందులో సగం, 6,000. మామూలు ఇంజెక్షన్‌లో మౌల్డ్ తెరుచుకోకుండా ఆపడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 టన్ను లెక్కేస్తే 1,800 టన్నుల బిగువున్న మిషన్ కావాలి. షాట్ బరువు, అంటే మిషన్ ఒక్కసారికి తోసే సరుకు బరువు కూడా చూడాలి. మిషన్ కాగితాల్లో రాసేది పాలీస్టైరీన్ లెక్క. హెచ్‌డి కరిగినప్పుడు తేలిక కాబట్టి అందులో 80 శాతమే పడుతుంది, దాన్నీ చివరిదాకా వాడకూడదు. 14 కిలోల ప్యాలెట్‌కు 20 కిలోల పైన రాసి ఉన్న మిషన్ కావాలన్నమాట. ‘18 కిలోల మిషన్, మీది 14 కిలోలే కదా’ అన్న మాట విని చిన్న మిషన్ మీదికి వెళితే సరుకు సరిగా కరగకుండానే లోపలికి పోతుంది.

స్ట్రక్చరల్ ఫోమ్ పద్ధతిలో కరిగిన ప్లాస్టిక్‌లోకి నైట్రోజన్ గానీ నురగ పొడి గానీ కలుపుతారు. ఒత్తిడి పదో వంతుకు దిగుతుంది కాబట్టి కొన్ని వందల టన్నుల మిషన్ చాలు. మందపాటి కాళ్ల దగ్గర గుంటలు పడవు, వంపు తక్కువ, రకరకాల గ్రైండింగ్‌ను బాగా ఓర్చుకుంటుంది. లోపం ఏమిటంటే చల్లారడానికి సమయం ఎక్కువ, పైన మెరుపు ఉండదు. తిరిగి వాడిన ప్లాస్టిక్‌కు మా అభిప్రాయంలో ఇదే సరైన దారి. మూడో ఏడాదికి సొంత మిషన్ ఆలోచన వస్తే ఇటు చూడండి.

ఏజెంటు చూపిస్తున్నది కంప్రెషన్ ప్రెస్ అయి ఉంటుంది. ఎక్స్‌ట్రూడర్‌లో కరిగిన ముద్దను తెరిచిన మౌల్డ్‌లో వేసి నొక్కుతారు. కవర్లు, ప్యాకెట్లు, కొంత మురికి ఉన్నా నడుస్తుంది. మిషన్ చౌక. కానీ బలం కోసం బరువు పెంచాల్సి వస్తుంది, 18 నుంచి 25 కిలోలు. ఒక్కోదానికి నాలుగు నుంచి ఎనిమిది నిమిషాలు. ముద్ద వేసే మనిషి చేతివాటం బట్టి బరువు మారుతుంది. కదలకుండా పడి ఉండే నేల పలకలకు సరే. హమాలీ రోజూ ఎత్తిపెట్టాల్సిన చోట 25 కిలోల ప్యాలెట్ పెడితే వాళ్లే వద్దంటారు. ఆ ప్రెస్ కొనాలనుకుంటే ఏజెంటు తెచ్చిన నమూనా చూసి సరిపెట్టుకోకండి, మీ సరుకు 500 కిలోలు తీసుకెళ్లి మీ ఎదుటే 20 ప్యాలెట్లు తీయించి, ఒక్కొక్కటీ తూచండి.

బయటికి వచ్చాక

తిరిగి వాడిన సరుకులో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వంపు. హెచ్‌డి చల్లారుతూ 1.5 నుంచి 3 శాతం దాకా కుంచించుకుంటుంది. సన్నటి పైపలక ముందు చల్లారి, మందపాటి కాళ్లు తర్వాత చల్లారితే ప్యాలెట్ పళ్లెంలా లేస్తుంది. ఆపరేటర్ తొందరపడి వేడిగా ఉండగానే తీస్తే మరీ. బయటికి తీసిన వెంటనే చదునైన ఇనుప బల్ల మీద పెట్టి, పైన బరువుంచి 20–30 నిమిషాలు ఆపాలి. వేడి ప్యాలెట్లను గోడకు ఆనించి నిలబెడితే అవి ఆ ఒంపుతోనే గట్టిపడతాయి, ఆ తర్వాత సరిచేయలేరు.

కాళ్ల చుట్టూ సన్నటి గీత కనిపిస్తే అది రెండు ప్రవాహాలు కలిసిన వెల్డ్ లైన్. వేడి తక్కువైనా, సరుకులో పీపీ, మురికి ఎక్కువైనా ఆ గీత దగ్గరే విరుగుతుంది. బ్యారెల్ వేడి 200–230 డిగ్రీల మధ్య కొంచెం పెంచి చూడండి, తగ్గకపోతే లోపం సరుకులో ఉంది. చుట్టూ పల్చటి రెక్క వస్తే మిషన్ బిగువు చాలట్లేదు, లేదా మౌల్డ్ అరిగింది. ఆ రెక్క కోయకుండా పంపితే గోతం చిరుగుతుంది.

రోజూ చేయాల్సిన పరీక్షలకు లేబొరేటరీ అక్కర్లేదు. ప్రతి ప్యాలెట్‌నూ తూచండి, 2 శాతం కంటే తేడా ఉంటే పక్కన పెట్టండి. రెండు మూలల అడ్డకొలతలు తీయండి, తేడా 6 మి.మీ. దాటకూడదు. షిఫ్టుకు ఒకటి తీసి మీటరు ఎత్తు నుంచి మూల మీద పడేయండి. చలి గదులకు పోయే లాట్ అయితే రాత్రంతా అదే చలిలో ఉంచి బయటికి తీసిన నిమిషంలోనే పడేయాలి. వారానికి ఒకదాన్ని రెండు చివర్ల కింద మొద్దులు పెట్టి, మధ్యలో 500 కిలోల బస్తాలు పేర్చి, మొదటి గంటలో ఎంత కుంగిందో, 24 గంటలకు ఎంత కుంగిందో రాయండి. రెండో అంకె పెరుగుతూ పోతున్న లాట్‌లో మెత్తటి ఎల్‌డి గానీ డ్రిప్ పైపు గానీ ఎక్కువ పడిందని అర్థం.

అనుమతులు, అగ్గి

ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016 కింద కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రీసైక్లర్‌గా నమోదు ఉండాలి, కడిగే నీటి శుద్ధికి ఏర్పాటు చూపాలి. ఇప్పటికే యూనిట్ నడుపుతున్నారు కాబట్టి ప్యాలెట్లను తయారీ జాబితాలో చేర్చుకోండి. తిరిగి వాడిన ప్లాస్టిక్ అని ఐఎస్ 14534 ప్రకారం ముద్ర వేయండి. 2022 సవరణతో వచ్చిన ఈపీఆర్ (ప్లాస్టిక్ వ్యర్థాలపై తయారీదారు బాధ్యత) సర్టిఫికెట్లు రీసైక్లర్లు బ్రాండ్ కంపెనీలకు అమ్ముకోవచ్చు, కానీ సరుకు కొన్నదానికీ అమ్మినదానికీ పక్కా బిల్లులు ఉండాలి. ఆ రాబడిని ప్యాలెట్ ధరలో ముందే కలుపుకోకండి, దాని రేటు నిలకడగా ఉండదు.

ప్లాస్టిక్ ప్యాలెట్ల దొంతరలు అంటుకుంటే చెక్కకంటే ఎక్కువ వేడితో మండుతాయి, కరిగి నేల మీద పారుతూ మండుతాయి. మీ యార్డులో దొంతరల మధ్య దారి వదలండి, వెల్డింగ్ పని దగ్గరికి రానివ్వకండి. కొనేవాడికి కూడా గోడౌన్ బీమా కాగితాల్లో ప్లాస్టిక్ ప్యాలెట్లు ఉన్నట్టు చేర్పించుకోమని చెప్పండి. ఈ మాట చెబితే అమ్మకం పోతుందని భయపడక్కర్లేదు.

రేటు

ముక్క లెక్కనే చెప్పండి, బిల్లు మీద మాత్రం బరువు రాయండి. కిలో లెక్కన అమ్మితే బరువు పెంచాలన్న ఆశ పుడుతుంది, అక్కడి నుంచి ఫిల్లర్‌కు ఎంతో దూరం లేదు. మీ లెక్క ఇలా వేసుకోండి. ఈ ధరలు ఉదాహరణకే, మీవి పెట్టి తిరగరాసుకోండి. గ్రైండింగ్ కిలో 65 రూపాయలు అనుకుంటే, తరుగుతో కలిపి 13.7 కిలోలకు 890. మాస్టర్‌బ్యాచ్ 0.7 కిలోకు 77. జాబ్ వర్క్ కిలోకు 14 చొప్పున 196. లారీ, ఎత్తుదింపు కూలీ 60. పనికిరానివి వందకు మూడు అనుకుంటే 35. రెండు నెలల అరువుకు వడ్డీ 38. మొత్తం 1,296, దీని మీద మీ లాభం, ఆపైన జీఎస్‌టీ. గ్రైండింగ్ ధర కిలోకు 5 రూపాయలు కదిలితే ప్యాలెట్ మీద 68 కదులుతుంది. కాబట్టి కొటేషన్ గడువు 15 రోజులకు మించి ఇవ్వకండి. ప్యాలెట్ బరువు 300 గ్రాములు పెరిగితే రోజుకు 140 ప్యాలెట్ల మీద 42 కిలోలు ఉచితంగా ఇచ్చినట్టే.

లారీ లెక్క కూడా కొటేషన్‌కు ముందే వేయాలి. 20 అడుగుల బండిలో నేల మీద 12 దొంతరలు, 2.4 మీటర్ల ఎత్తుకు 150 మి.మీ. ప్యాలెట్లు 16 చొప్పున 192 పడతాయి. బరువు 2.7 టన్నులే, బండి మాత్రం నిండిపోతుంది. ఒకదానిలో ఒకటి దూరే తేలిక రకం అయితే అదే బండిలో 600 దాకా పడతాయి. అందుకే మోతబరువు ప్యాలెట్లను జిల్లా, పక్క జిల్లా దాటించకండి. దూరం పంపాలంటే దూరే రకమే పంపండి.

అమ్మకానికి అదను ఉంటుంది. మిర్చి రాక ఫిబ్రవరి నుంచి ఊపందుకుంటుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీ వాళ్లతో మాట డిసెంబరులో, రైస్ మిల్లులతో ఖరీఫ్ ధాన్యం దిగకముందే సెప్టెంబరు, అక్టోబరుల్లో. మొదటి ఏడాది ఒక స్టోరేజీ, ఒక మిల్లు చాలు, చెరి వంద ప్యాలెట్లు. ప్రతిదాని మీదా నెల, లాట్ నెంబరు పడేలా మౌల్డ్‌లో చిన్న అచ్చు పెట్టించండి. విరిగిన ప్యాలెట్‌ను కిలోకు ఇంత అని వెనక్కి కొంటామని బిల్లు వెనకే రాసివ్వండి. ఆ విరిగినవి మీకు ఏరే పని లేని, లాట్ తెలిసిన సరుకు. ఏ లాట్‌వి ఎక్కువ తిరిగి వస్తున్నాయో చూసి, దాచిపెట్టిన రెండు కిలోల నమూనా తీసి మళ్లీ పరీక్ష చేయించండి.